దామోదరం గోడ

దామోదరం శెట్టి తన స్థలం కాజేశాడన్న మాట శంకరప్ప ఎమ్మిగనూరులో చెప్పని మనిషి లేడు. నూలు అంగడిలో చెప్పాడు, టీ కొట్టులో చెప్పాడు, క్షవరానికి కూర్చున్నప్పుడు అద్దంలో కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు. ఆదోనిలో రణమండల కొండ కింద, ఊరి చివరి లేఅవుట్లో, మగ్గం మీద కూర్చుని కూర్చుని కూడబెట్టి కొన్న స్థలం అది. పడమటి పక్క స్థలం దామోదరానిది. పత్తి వ్యాపారి, డబ్బుకు కొదవ లేనివాడు. మధ్య గోడ ముందుగా లేపింది అతనే. వెనక హద్దురాయి దగ్గర బుద్ధిగానే మొదలుపెట్టి, ఉత్తరాన రోడ్డు వైపు వచ్చేకొద్దీ గోడను శంకరప్ప స్థలంలోకి వంచుకుంటూ పోయాడు. ఎంత పోయింది అని అడిగితే శంకరప్ప ఒకరికి పావు సెంటు అనేవాడు, ఇంకొకరికి అర సెంటు అనేవాడు. వినేవాడు చప్పరించి జాలిపడితే సెంటు దాకా పోయేది.

అట్లాగని ఇల్లు కట్టడం ఆపలేదు. కాంట్రాక్టరుకు ఇస్తే వాడొక దామోదరం అవుతాడని, బసప్ప అనే మేస్త్రీని రోజుకూలికి పెట్టుకుని తనే కట్టించుకుంటున్నాడు. ఇసుక జల్లెడ పట్టేది తనే, ఇటుకలు అందించేది తనే. శని, ఆదివారాలు మగ్గం ఆపి, భార్య శారదమ్మను తీసుకుని ఆదోని బస్సెక్కుతాడు. ఆదోనిలోనే నర్సు కోర్సు చదువుతున్న కూతురు లత హాస్టల్ నుంచి వచ్చి కలుస్తుంది. శనివారం పొద్దున ముగ్గురూ కొండెక్కి ఆంజనేయస్వామికి మొక్కి, దిగి, ఇంటిపని చూసుకుంటారు. రాత్రికి స్లాబు పడిన గదిలో చాప పరుచుకుంటారు.

"కొండా అయితాది, ఇల్లూ అయితాది, చార్జీ ఒకటే" అంటుంది శారదమ్మ. ఇంకా తలుపుల్లేని ఇంట్లో మూడు రాళ్ళ మీద వండుకోవడం ఆమెకు జాతరకు పోయినంత సంబరం.

ఆ శనివారం శ్రావణ మాసంలో పడింది. ఉరుకుంద జాతరకు పోయే జనంతో బస్సులు కిటకిటలాడుతున్నాయి. నిలబడే వచ్చారు. ఆదోనిలో దిగేసరికి కొండ మీద మబ్బు కూర్చుని ఉంది, గాలి చల్లగా వీస్తోంది. లత మెట్ల మొదట్లో చెప్పులు చేతిలో పట్టుకుని కాచుకుని ఉంది.

"నాయనా, ఈరోజన్నా స్వామిని తలుచుకోని ఎక్కు. పోయిన వారమంతా దామోదరం నామమే జపించినావు."

"నా స్థలం పోయింది, నేను జపిస్తా. నీకేం పోయింది?"

"నా చెవులు పోయినాయి" అని ముందుకు ఉరికింది.

శంకరప్ప ఎక్కే తీరు చూడాలి. మగ్గం గుంతలో కాళ్ళు వేలాడేసి తొక్కుతూ తొక్కుతూ గట్టిపడ్డ పిక్కలు అతనివి. మెట్టు మీద పాదం పూర్తిగా ఆనించడు; తొక్కుడుచెక్క నొక్కినట్టు మునివేళ్ళతో నొక్కి వదులుతాడు. మాట్లాడుతూనే ఎక్కుతాడు. కోపం ఎక్కువయ్యేకొద్దీ వేగం పెరుగుతుంది. శారదమ్మ బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు కట్టిన మూట నెత్తిన పెట్టుకుని, వెనకనుంచి ఊ కొడుతూ వస్తుంది. ఊ కొట్టడం ఆపితే మొగుడు ఆగిపోతాడని, ఆగితే ఎండ ముదురుతుందని ఆమెకు తెలుసు.

సగం కొండ దగ్గర ఒక మలుపు ఉంది. అక్కడినుంచి కింద లేఅవుట్ కనిపిస్తుంది. ప్రతివారమూ శంకరప్ప ఆ మలుపులో ఉన్న గుండుమీద చెయ్యి ఆనించి, రెండో చెయ్యి చాపి, "అదిగో సూడు, పాము ఒళ్ళు తిప్పినట్ల తిప్పినాడు గోడను" అంటాడు. ఈసారి చెయ్యి ఆనించడానికి గుండు ఖాళీగా లేదు. దాని మీద ఒక లావుపాటి మనిషి కూర్చుని, నోరు తెరిచి, చేప మాదిరి గాలి మింగుతున్నాడు. తెల్లటి పంచె, తెల్లటి జుబ్బా, కాళ్ళకు పచ్చా నలుపూ చారల కొత్త స్పోర్ట్స్ బూట్లు.

లత అప్పటికే అతని మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. "పెద్దనాయనా, నోటితో కాదు, ముక్కుతో పీల్చు. తొందరేమీ లేదు. స్వామి ఆడనే ఉంటాడు."

"ఉంటాడు తల్లీ. నేను ఉంటానా అని."

గొంతు వినగానే శంకరప్ప చాపిన చెయ్యి అట్లాగే ఆగింది. దామోదరం శెట్టి.

శారదమ్మ మూట దించి నీళ్ళ సీసా తీసింది. శంకరప్ప కళ్ళతోనే వద్దన్నాడు. ఆమె అటు చూడకుండా సీసా ఇచ్చింది. దామోదరం ఎత్తిపోసుకుని తాగి, జుబ్బా మీద పడిన నీళ్ళు తుడుచుకుంటూ తలెత్తాడు.

"శంకరప్పా, నీ బిడ్డనా? బంగారమప్పా. డాక్టరు నడవమన్నాడు, మా రుక్మిణి కొండెక్కమన్నాది. రెండు పనులూ ఒకేసారి అయితాయని బయలుదేరితే ఈడ కూలబడినా."

"నా నీళ్ళు తాగినావు గదా, దిగిపో ఇంక" అన్నాడు శంకరప్ప.

"సగం కొండలో దిగితే మొక్కు తీరదప్పా. మా ఆమె ఒప్పుకోదు."

శారదమ్మ మొగుడి మోచేతిని పొడిచింది. "చెయ్యి పట్టుకో. పెద్దాయన."

అట్లా ఆ రోజు శంకరప్ప, తన స్థలం తిన్నవాడి చంకకింద చెయ్యి వేసి మిగతా కొండ ఎక్కించాడు. ఎక్కుతున్నంత సేపూ నోరు తెరవలేదు. నోరు తెరవకపోవడంతో ఆయాసం వచ్చింది. లత వెనకనుంచి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్న తల్లిని పట్టుకుని తానూ నవ్వింది.

దర్శనమైంది. బండ మీద కూర్చుని ఉగ్గాని విప్పారు. దామోదరానికి కూడా పెట్టారు. డాక్టరు బజ్జీలు వద్దన్నాడని చెబుతూనే మూడు తిన్నాడు. అప్పుడు శంకరప్ప చెయ్యి కడుక్కుని వచ్చి అతని ఎదురుగా నిలబడ్డాడు. రెండేళ్ళుగా మగ్గం మీద కూర్చుని ఒక్కొక్క మాటా పేర్చి పెట్టుకున్న తిట్ల దండకం గొంతు దాకా వచ్చింది.

"శెట్టన్నా, తిన్నావు గదా. ఇప్పుడు లేచి కిందికి సూడు. ఆ గోడ నేరుగా ఉందేమో నీ నోటితో నువ్వే సెప్పు."

దామోదరం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. పైనుంచి చూస్తే లేఅవుట్ అంతా గడుల దుప్పటి పరిచినట్టుంది. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి, ఒక్కటి తప్ప.

"ఔనప్పా" అన్నాడు. "వంకరే."

శంకరప్ప దండకంలో తర్వాతి మాట ఈ జవాబుకు అతకదు.

"మా వాస్తాయన చేసిన పని. ఈశాన్యం పెరగాలన్నాడు. ఆ సందు ఉంది సూడు, కొండ కాడ్నుంచి నేరుగా వచ్చి..."

"సందూ లేదు, గిందూ లేదు. వాస్తు అని పేరుపెట్టి పక్కోని నేల దున్నుకుంటారా? గోడ జరిపితే రాత జరుగుతాదా? సదువుకున్నోడివి, సిగ్గుండల్ల."

"సరేలే. అయితే తీసేద్దాం."

"ఏంది?"

"గోడ. రేపు ఆదివారం కూలోళ్ళను తీసుకోనొస్తా. దగ్గరుండి నీ హద్దు నువ్వు చూసుకో." దామోదరం పళ్ళ సందులో ఇరుక్కున్న మిరపగింజను గోటితో తీసుకున్నాడు. "రెండేండ్లాయ. ఊరందరికీ చెప్పినావంట. నన్ను ఒక్కసారన్నా అడిగినావా?"

"అడిగితే ఇచ్చేవాడివా?"

"ఇయ్యనని ఎప్పుడన్నా అన్నానా?"

దిగేటప్పుడు శంకరప్ప అందరికంటే వెనక వచ్చాడు. మలుపు దగ్గర గుండు ఖాళీగానే ఉంది కానీ చెయ్యి ఆనించలేదు.

ఇంటి దగ్గర బసప్ప వంటగది గోడకు గిలాబు చేస్తున్నాడు. తాపీతో మాలు విసిరి, చెక్కతో లాగుతూ, సంగతి విని తల తిప్పకుండానే అన్నాడు: "అయితే శెట్టి మంచోడేనన్నమాట."

"నిన్నెవరడిగినారు?" అన్నాడు శంకరప్ప. పంచె ఎగ్గట్టి ముందుగదిలో మగ్గం గుంత తవ్వడానికి దిగాడు. ఈ గుంత ఒక్కటి మాత్రం ఎవరినీ తాకనివ్వలేదు. కూర్చుంటే తొడలు నేలకు సమంగా ఉండాలి, పాదాలు తొక్కుడుచెక్కలకు అందాలి. దిగి కూర్చోవడం, కాళ్ళు ఆడించి చూడటం, లేచి మళ్ళీ జానెడు తవ్వడం. లత గట్టు మీద కూర్చుని, "ఇంకొంచెం తవ్వితే బోరు పడ్తాది నాయనా" అంది.

ఆ మాట ఊరికే అనలేదు. ఆ ఇంటికి ఉన్న అసలు కరువు నీళ్ళది. కట్టిన గోడలు పూటపూటా తడపాలి. ట్యాంకరు వస్తే డ్రమ్ములు నింపుకుని, శారదమ్మ చెంబుతో ముంచి గోడల మీద చల్లుతుంది. గోడ అవతల దామోదరం బోరు మోటారు వేసినప్పుడల్లా నీళ్ళు పడే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా బసప్ప శంకరప్ప వైపు చూస్తాడు. శంకరప్ప, "దొంగోని నీళ్ళతో నా గోడ తడిపేది లేదు" అంటాడు. గోడలు ఎండి సన్నగా చిట్లుతున్నా అదే మాట.

ఆదివారం పొద్దున్నే దామోదరం అన్నమాట ప్రకారం వచ్చాడు. ఇద్దరు కూలీలు, గడ్డపారలు, సుత్తులు. వెంట భార్య రుక్మిణి కూడా ఫ్లాస్కుతో టీ తెచ్చింది. బసప్ప వెనక హద్దురాయి నుంచి రోడ్డు పక్క హద్దురాయి దాకా దారం లాగి కట్టాడు. దారానికీ గోడకూ మధ్య నేల, వెనక సూదిమొనలా మొదలై, ముందుకు వచ్చేసరికి మనిషి కాళ్ళు బాగా ఎడంగా పెట్టి నిలబడేంత వెడల్పైంది. శంకరప్ప ఆ దారం పక్కన నడిచాడు, మళ్ళీ నడిచాడు. పడుగు పోగు సరిచూసినట్టు వేలితో మీటాడు.

"మొదటి దెబ్బ నేనే ఏస్తా" అని గడ్డపార అందుకున్నాడు.

రోడ్డు వైపు కొసన వేశాడు. ఇటుక ఊడి పడింది. ఆ చప్పుడు చెవికి చక్కెర వేసినట్టుంది. కూలీలు అందుకున్నారు. టీ అయ్యేలోపు రోడ్డు పక్క గోడ ఒక నిలువు మనిషి పొడవు నేల మట్టమైంది. లత ఇటుకలు తీసి పేర్చింది. శారదమ్మ చీపురు తెచ్చి, కొత్తగా తమదైన నేలను ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టడానికి వంగింది. వంగినామె లేచి కొండ వైపు చూసింది.

గోడ అడ్డం లేకపోయేసరికి ఎదురుగా కొండదాకా కనిపిస్తోంది. కొండ దిగువ నుంచి సందు తిన్నగా రోడ్డుకు దిగింది. ఒక ఎర్ర దూడ ఆ సందులో గంతులేస్తూ వచ్చి, రోడ్డు దాటి, ఎటూ తిరక్కుండా నేరుగా వచ్చి ఆమె ముగ్గులో నిలబడింది.

శారదమ్మ దూడను చూసింది. సందును చూసింది. తన కాళ్ళకింద నేలను చూసింది.

"ఆపండప్పా" అంది కూలీలతో. "గడ్డపారలు కింద పెట్టండి."

"ఏమైంది?" అన్నాడు శంకరప్ప.

"ఇట్లా వచ్చి నిలబడు. సూడు. వీధిపోటు."

"నువ్వు గూడానా? నిన్న పైన నేనేమన్నా?"

"నువ్వేమన్నా అను. ఉత్తరం నుంచి వచ్చే సందు నా వాయవ్యంలో పొడుస్తాంది. ఈ నేల మనదైతే ఆ పోటు మనకే. ఆ ఇంట్లో నేను పొయ్యి ముట్టించను. నువ్వూ నీ మగ్గమూ ఉండండి."

శంకరప్ప నవ్వాడు. నవ్వుతూనే పోయి ముగ్గులో, దూడ పక్కన నిలబడ్డాడు. సందు నేరుగా అతని రొమ్ముకే గురి పెట్టినట్టుంది. ముగ్గు దగ్గర గాలి కూడా అటునుంచే వస్తోంది. గోడ జరిపితే రాత జరుగుతుందా అని నిన్న అడిగిన మనిషి, ఈ ఇంటి పునాది రోజున కాలికి మేకు గుచ్చుకున్న సంగతి తలుచుకున్నాడు. కిందటి నెల లతకు వచ్చిన జ్వరం తలుచుకున్నాడు. అప్పటికి పోటు ఇంకా దామోదరం వైపే ఉందన్న లెక్క అతనికి తట్టలేదు. ఒక అడుగు పక్కకు జరిగాడు. ఇంకొకటి జరిగాడు. దూడ అక్కడే నిలబడి అతన్ని చూసింది.

"నిన్న సందు సందు అని మొదలుపెట్టింది ఇదేనా శెట్టన్నా?"

దామోదరం ఇటుకల కుప్ప మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. "నువ్వు చెప్పనిస్తివా? ఆ పోటు నాకైతే ఈశాన్యంలో తగుల్తాది. ఈశాన్యం పోటు మంచిది, కలిసొస్తాది అన్నాడు వాస్తాయన. నీకైతే వాయవ్యం. మంచిది కాదు. మూడడుగుల్లో ఉంది అంతా."

బసప్ప బీడీ ముట్టించుకుని దూరంగా పోయి కూర్చున్నాడు. అతని భుజాలు కదలడం చూస్తే నవ్వుతున్నాడని తెలుస్తూనే ఉంది.

శంకరప్ప కాసేపు దారాన్ని మీటాడు. "అయితే... గోడ ఉన్నకాడ్నే ఉండనీలే అన్నా."

"ఎట్లుంటాది? ఆంజనేయస్వామి ముందర మాటిచ్చినా. నీది నీకిచ్చేసినా."

"నేనే ఇస్తాండా గదా. తీసుకో."

"నాకొద్దప్పా." దామోదరం గ్లాసు కింద పెట్టాడు. "గోనెగండ్ల నుంచి పత్తి తెచ్చిన రైతు, తూకం కాడ నిలబడి నన్నడిగినాడు: శెట్టీ, నేతాయన సెంటు నేల మింగినావంట గదా, నా పత్తి సరిగా తూస్తావా అని. పదిమంది విన్నారు. ఇంక ఆ నేల నాకొద్దు."

"సెంటు అన్లేదు నేను."

"అన్నావు నాయనా" అంది లత. "సెలూన్లో అన్నావు."

"నువ్వు మూసుకో. అన్నా, ఇంత దూరం వచ్చినాక కాదనొద్దు. మంచి నేల. ఈశాన్యం. కలిసొస్తాది."

"అంత మంచిదైతే నువ్వే పెట్టుకో."

పొద్దెక్కింది. ఆదోని బజారులో బేరాలు చూసిన వాళ్ళు చాలామంది ఉంటారు గానీ, కొనేవాడు వద్దంటుంటే ఊరికే ఇస్తానని ఇచ్చేవాడు బతిమాలడం ఆ కూలీలు ఎప్పుడూ చూడలేదు. పని ఆగినా కూలి ఆగదు కాబట్టి నీడలో చేరి హాయిగా విన్నారు. చివరికి దామోదరం, ఊరికే తీసుకుంటే మళ్ళీ దొంగే అవుతానని, గజానికి ఇంతని వెల కట్టి ఇచ్చేస్తానని అన్నాడు.

"దుడ్లు వద్దు" అన్నాడు శంకరప్ప వెంటనే.

"ఏం, తక్కువా?"

"అది కాదు. అమ్మితే వ్యాపారమైపోతాది. నేను రేపు నలుగురిలో ఏమని చెప్పుకోవల్ల?"

దామోదరం నవ్వు ఆపుకోలేక దగ్గాడు. లత పరుగెత్తి పోయి వీపు మీద తట్టింది. రుక్మిణి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఇద్దరూ ఒకే కొండ ఎక్కొచ్చినారు, ఒకరికన్నా బుద్ధి రాలేదు" అంది. తర్వాత శారదమ్మ వైపు తిరిగింది. "వాళ్ళను ఇడ్సు. నువ్వు సెప్పమ్మా, నీకేం కావల్ల?"

శారదమ్మ ఆలోచించలేదు. "నీళ్ళు" అంది. "గోడలు పగుల్తాండాయి. ఈ గోడలోంచి ఒక పైపు ఇయ్యండి. ఇల్లు అయ్యేదాకానే కాదు, అయినాక గూడా."

శంకరప్ప ఏదో అనబోయాడు. ఆమె ముగ్గుచిప్ప చేతిలోనే ఉంది. అతని వైపు చూసింది, అంతే.

"దీనికా ఇంత?" అన్నాడు దామోదరం. "అడిగింటే ఎప్పుడో ఇస్తాంటి. మీరు ట్యాంకరోనితో కొట్లాడేది ఇంటాంటే నాకే బాధగుండె. అయితే ఒకటి శంకరప్పా. పడగొట్టింది నువ్వు. మొదటి దెబ్బ నీదే. కట్టించేదీ నువ్వే."

"కట్టిస్తా."

కూలీలు భోజనానికి పోయారు. శంకరప్ప తన సిమెంటు బస్తా విప్పి, తన ఇసుక పోసి, తనే మాలు కలిపాడు. పారతో తిరగేసి తిరగేసి, నూలుకు గంజి కలిపే చేయి కాబట్టి చిక్కదనం వేలితో చూసి, బసప్పకు అందించాడు. బసప్ప దారం కట్టబోయి ఆగాడు.

"నేరుగా కట్టల్లనా, వంకరగానా?"

"పాత గోడ పోయిన దారే. పునాది ఎట్ల పోతే అట్ల. జానెడు గూడా తప్పొద్దు."

"ఇన్నేండ్ల నుంచి గోడ కడ్తాండా. వంకర తప్పకుండా కట్టమని దగ్గరుండి చెప్పినోడివి నువ్వొక్కడివే."

దామోదరం దారం కొస పట్టుకుని, కొత్త బూట్లకు మాలు అంటకుండా కాళ్ళు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు. శంకరప్ప ఇటుకలు తడిపి అందిస్తూ, "ఇంకొంచెం నా దిక్కు జరుపు అన్నా, సందు తగుల్తాంది" అన్నాడు. దామోదరం దారాన్ని సరిగ్గా పాత పునాది అంచుకు తెచ్చాడు. "ఇంకొంచెం." "చాలప్పా, నన్ను మళ్ళీ దొంగను చెయ్యొద్దు." మూడో వరసలో బసప్ప ఇటుకల మధ్య కంత వదిలి, పైపు ముక్క దూర్చి, చుట్టూ మాలు కూరాడు.

సాయంత్రానికి గోడ లేచి నిలబడింది. పాత ముక్కకూ కొత్త ముక్కకూ రంగులో తప్ప తేడా తెలియదు. అవతల మోటారు చప్పుడైంది. పైపు రెండుసార్లు తుమ్మి, ఎర్రమట్టి కక్కి, తర్వాత తేటగా పోసింది. శారదమ్మ చెంబు పారేసి గొట్టానికి వేలు అడ్డం పెట్టి, వంటగది గోడను, ముందుగది గోడను, బసప్పను, దూడను, ఎవరు అడ్డొస్తే వాళ్ళను తడిపింది. శంకరప్ప గొట్టం అందుకుని, అన్నిటికంటే ముందు ఆ మధ్య గోడనే తడిపాడు, అడుగు నుంచి మీది దాకా, ఎక్కడా పొడి మచ్చ లేకుండా.

గోడ ఇంకా లేవకముందే లత టేపుతో ఆ నేలను కొలిచింది. ఇప్పుడు తడిసిన ఇసుకలో పుల్లతో గీసి లెక్క కడుతోంది.

"ఎంతమ్మీ?" అన్నాడు శంకరప్ప, గొట్టం వదలకుండానే.

"పది."

"పది ఏంది?"

"గజాలు. మూడుమూలల ముక్క గదా, సగమే అయితాది."

"పదేనా? పావు సెంటు గూడా కాలేదా? సరిగ్గా కొలిచినావా?"

"రెండుసార్లు కొలిచినా."

శంకరప్ప నీళ్ళను గోడ కొసకు తిప్పాడు. కొంచెం చిన్నబోయాడు; అయినా ఈసారి ఎవరడిగినా తడుముకునే పని లేదు. రోడ్డు వైపు మూడడుగులు, వెనక వైపు ఏమీ లేదు, పొడవు అరవై అడుగులు. పోయింది పది చదరపు గజాలు.